నాలుగు ప్లగ్గులకు మూడు విభూతి రేఖలు

మొన్న శుక్రవారం పొద్దున మా అపార్టుమెంటులో రెండో అంతస్తు అమ్మాయి, కొత్తగా కొన్న బ్యాటరీ కారుకు పూజ పెట్టుకుని, తిరుపతి మొత్తంలో పని లేని పెద్దవాణ్ణి నేనొక్కణ్ణే దొరుకుతానని తలచింది కాబోలు, నన్ను కూడా కిందికి పిలిచింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, అద్దం మీద పసుపుతో ఓంకారం, కారు మోయలేనంత చామంతి దండ, అన్నీ మన కాలంలో మాదిరే ఉన్నాయి గనుక నేను చేతులు కట్టుకుని బుద్ధిగానే నిలబడ్డాను. అయితే ఆ పిల్ల తడి కుంకుమలో ఉంగరం వేలు ముంచి, బండికి కరెంటు ఎక్కించే ప్లగ్గును చేతిలోకి తీసుకుని, దాని నోట్లో ఉన్న పిన్నుల నడుమ బొట్టు పెట్టబోయేసరికి నాకే తెలియకుండా నా గొంతులోంచి ఒక కేక బయటపడింది.

"అక్కడొద్దమ్మా! ప్లగ్గుకు మాత్రం వద్దు!"

హారతి పళ్ళెం పట్టుకున్న వాళ్ళ అత్తగారు ఉలిక్కిపడింది. "ఏం తాతా, షాకు కొడుతుందా?" అని ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి అడిగింది. కొడుతుందో లేదో నిజానికి నాకు తెలియదు. నేను అరిచింది ఈ తెల్ల కారును చూసి కాదు, నలభై ఏళ్ళకు ముందెప్పుడో నా కళ్ళ ముందు కుంటుకుంటూ ఘాట్ రోడ్డు ఎక్కిన, కాదు, ఎక్కకుండా మొరాయించిన ఇంకొక నల్ల కారును చూసి. ఆ మాట ఆ పిల్లకు చెప్పబోతే హారతి ఆరిపోతుందని ఊరుకున్నాను. మీరైతే నా ఈడు వాళ్ళు, బానెట్టు ఎత్తి తల లోపలికి దూర్చిన కాలం వాళ్ళు, మీకు చెప్పుకోవచ్చు.

డెబ్బైల చివరి సంవత్సరాల్లో చిత్తూరులో మా నాయనకు బెల్లం మండీ ఉండేది. ఆ మండీకి ఎదురుగా ఉన్న ముసలి డాక్టరుగారు ఊరు వదిలి కూతురి దగ్గరికి పోతూ పోతూ తన నల్ల కారును మా నాయనకు అమ్మిపోయారు. ఇంగ్లండులో పుట్టి, మద్రాసులో పెరిగి, చిత్తూరులో ముసలిదైన కారు అది. దాని పేరు చెప్పను. చెప్పబోయే దానిలో ఆ కంపెనీ వాళ్ళ తప్పు రవ్వంత కూడా లేదు, తప్పంతా మాది, అందులో పెద్ద వాటా నాది. డాక్టరుగారి చేతిలో ఉన్న కారు గనుక నాడి బాగుంటుందని మా నాయన నమ్మకం. బాగానే ఉండేది కూడా, మేము చెయ్యి పెట్టేదాకా.

మా నాయన శ్రీకాళహస్తి స్వామి భక్తుడు. ఆయన విభూతి ఆయన నుదుటి దగ్గర ఆగేది కాదు. మండీలో తక్కెడకు, గోడ గడియారానికి, ఇంట్లో రేడియోకు, అమ్మ కుట్టుమిషనుకు, చివరకు నేను ఫిజిక్సులో ఎమ్మెస్సీ పాసైన సర్టిఫికెట్టు కట్టించిన ఫ్రేముకు కూడా ప్రతి సోమవారం పొద్దున విభూతిని నీళ్ళలో తడిపి మూడు వేళ్ళతో మూడు రేఖలు దిద్దేవాడు. ఇల్లంతా ఎక్కడ చూసినా ఆ మూడు రేఖలే కనబడేవి గనుక, గోడకున్న సున్నాన్ని ఎవరూ ప్రత్యేకంగా చూడనట్లే మేము వాటిని చూడటం ఎప్పుడో మానేశాము. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, నా తెలివితక్కువతనానికి తరువాత ఇదొక్కటే సాకు.

కారుకు మాత్రం మొదట లోపల స్టీరింగు పక్కనున్న ముందరి రేకుకే పూసేవాడు. అలాగే పూస్తూ ఉంటే ఈ కథే లేదు. నేను ఆ ఏడే ఊళ్ళో కాలేజీలో లెక్చరరుగా చేరి ఉన్నాను. కరెంటు పాఠం నాది. కొత్త లెక్చరరుకు క్లాసులో నలభై నిమిషాలు చాలవు, ఇంటికి వచ్చి కూడా ఎవరో ఒకరికి చెప్పాలి. ఒక ఆదివారం బానెట్టు ఎత్తి, నాయనను నిలబెట్టి, బ్యాటరీలోని కొద్దిపాటి కరెంటు ఈ కాయిలులో వేల వోల్టులుగా ఎలా మారుతుందో, ఈ డిస్ట్రిబ్యూటరు దాన్ని నాలుగు తీగలకు వంతులవారీగా ఎలా పంచుతుందో, ఆ తీగల చివర ఉన్న ఈ నాలుగు తెల్ల పింగాణీ ప్లగ్గుల అడుగున చిన్న నిప్పురవ్వ పుట్టి పెట్రోలు ఆవిరిని ఎలా అంటిస్తుందో, చేతులు తిప్పుతూ వివరించి, ఈ నాలుగే దీని ప్రాణం నాయనా అని ఘనంగా ముగించాను. నా జీవితంలో ఒక్క శిష్యుడు ఒక్క పాఠాన్ని అంత శ్రద్ధగా విని, అంత తు.చ. తప్పకుండా ఆచరణలో పెట్టడం నేను మళ్ళీ చూడలేదు.

"అట్లనా! ప్రాణమంతా ఈడుండాదా?" అన్నాడు నాయన నిజంగా బాధపడుతూ. "ఇన్నాళ్ళూ నేను ముందర రేకుకు పూస్తాంటినే!"

మరుసటి రోజు సోమవారం. మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, ఆ కాలపు ప్లగ్గులకు ఇప్పటిలా రబ్బరు టోపీలు లేవు. పైన తీగను మరతో బిగించేవాళ్ళు, దాని కింద బొటనవేలంత పింగాణీ మెడ, తెల్లగా, నున్నగా, బోసిగా, విభూతి కోసమే చేసి పంపినట్లు ఉండేది. నాయన నాలుగింటికీ మూడేసి రేఖలు దిద్ది, కళ్ళకు అద్దుకుని, మండీకి వెళ్ళాడు.

చిత్తూరు వీధుల్లో, పాకాల రోడ్డులో, ఎండలో కారుకు ఏమీ కాలేదు. తిరుమల కొండ దగ్గర మొదలైంది మా గ్రహచారం. అలిపిరి దాటి రెండు మైళ్ళు పోయామో లేదో, నాలుగు కాళ్ళ మీద పరుగెత్తవలసిన ఇంజను మూడు కాళ్ళ మీద, తరువాత రెండు కాళ్ళ మీద కుంటడం, దగ్గడం, వెనక గొట్టంలో టపాకాయ పేల్చడం, ఆగిపోవడం. దీపం ఆరిందనడానికి బదులు కొండెక్కిందంటాం కదా, మా కారు ఎన్నడూ కొండెక్కేది కాదు, దానిలోని రవ్వ మాత్రం ప్రతిసారీ ఎక్కేది. పక్కనుంచి పోయే బస్సుల్లో భక్తులు మమ్మల్ని చూసి గోవిందా అని అరిచేవాళ్ళు. అది స్వామిని తలచుకోవడమో, మా కారు సంగతి చెప్పడమో తెలిసేది కాదు. చెమటలు కక్కుకుంటూ దాన్ని వెనక్కు తిప్పి, పల్లానికి దొర్లించుకుని వచ్చేవాళ్ళం. ఆ కారు మమ్మల్ని తీసుకుపోయిన దూరమూ మేము ఆ కారును తీసుకుపోయిన దూరమూ కొలిస్తే పెద్ద తేడా ఉండదు.

గిరింపేటలో రేకుల కొట్టం కింద మా మేస్త్రి ఉండేవాడు. ప్లగ్గును విప్పి, ఎండకెత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, జాతకం చూసినట్లు చూసేవాడు. అడుగున మసి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోందని, సున్నంలా తెల్లగా ఉంటే ఒళ్ళు కాగుతోందని, కాఫీపొడి రంగులో ఉంటే ఆరోగ్యమని ఆయన శాస్త్రం. రవ్వ దూకే సందు ఎంత ఉండాలో పుస్తకంలో అంగుళంలో వెయ్యో వంతుల్లో రాసి ఉంటే, ఆయన మడిచిన పోస్టుకార్డుతో కొలిచేవాడు. నేను పుస్తకం చూపితే ఆయన కార్డు చూపేవాడు, చివరకు రెండూ సరిపోయేవి, అది ఇంకా ఒళ్ళు మంట. పని మొదలుపెట్టే ముందు ప్లగ్గు మెడ మీది విభూతిని చూసి, కళ్ళకద్దుకుని, తరువాత పెట్రోలు గుడ్డతో నాలుగింటినీ శుభ్రంగా తుడిచి బిగించి పంపేవాడు. ఆయన కొట్టం నుంచి బయటికి వచ్చిన కారు పెళ్ళికొడుకులా పరుగెత్తేది. సోమవారం వచ్చేది. తరువాతి ప్రయాణంలో మళ్ళీ కుంటేది. ఈ రెండింటి మధ్య ఉన్న సంబంధాన్ని ఎమ్మెస్సీ చదివిన నేను కనిపెట్టలేకపోయాను.

"సార్, నా సేతిలో ఉన్నెంతసేపూ బంగారం మాదిరి ఉండాది. మీ ఇంటికి పోతానే దీనికి ఏమో అవతా ఉండాది," అన్నాడు మేస్త్రి ఒకసారి తల గోక్కుంటూ. అంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? నేను దాన్ని మా ఇంటి మీద వేసిన నిందగా భావించి ముఖం ముడుచుకున్నాను.

ఇక ప్లగ్గుల అంగడి పురాణం. బజారు వీధిలో అంగడాయన, ఇంట్లో అరవం, అంగట్లో తెలుగు, కోపంలో రెండూ మాట్లాడే మనిషి, కౌంటరు మీద మోచేతులు ఆనించి, "ఏమప్పా, ఏడి ప్లగ్గు కావల్నా, సలవ ప్లగ్గు కావల్నా?" అన్నాడు. ఇంజను వేడిని త్వరగా బయటికి పంపేది చలువ ప్లగ్గు, పట్టి ఉంచుకునేది వేడి ప్లగ్గు, అంతే తేడా. నేను ఆ సంగతి నాయనకు విడమరచబోయేలోపలే ఆయనకు అర్థమైపోయింది. మామిడిపండు వేడి, మజ్జిగ చలువ, ఇందులో లెక్చరరు చెప్పవలసింది ఏముంది?

"కొండెక్కేటప్పుడు ఒళ్ళు కాగతాది కదప్పా, సలవ చేసేదే ఇయ్యి," అన్నాడు నాయన. ఆశ్చర్యమేమిటంటే పుస్తకంలో కూడా అదే రాసి ఉంది.

చలువ ప్లగ్గులు వచ్చాయి. నాయన వాటిని దేవుడి ముందు పళ్ళెంలో పెట్టి, కర్పూరం వెలిగించి, బిగించిన తరువాత విభూతి పెట్టాడు. కారు కొండ మీద ఆగింది. వేడి ప్లగ్గులు తెచ్చాము, విభూతి, ఆగింది. అంగడాయన మూడోసారి మర పొడుగున్న రకం ఇచ్చాడు. అది బిగించి చేత్తో ఇంజను తిప్పి చూడగానే లోపల పిస్టను నెత్తికి టక్కున తగిలింది. ఇంకొక్క నిమిషం ఉంటే ఇంజను నిజంగానే పైకి పోయేది, కొండపైకి కాదు. మేస్త్రి తిట్టిన తిట్లలో సగం అంగడాయనకు, సగం ప్లగ్గు ఎంచుకున్న నాకు. ప్లగ్గులు వదిలి డిస్ట్రిబ్యూటరు మీద పడ్డాము. లోపల ఒకదాన్నొకటి తట్టుకునే పాయింట్లు మార్చాము, వాటి పక్కనున్న కండెన్సరు మార్చాము, గిర్రున తిరిగే రోటరు మార్చాము. కాయిలు కోసం వేలూరు దాకా పోయాను. కాలేజీలో పిల్లలకు ఒక్కొక్క పాయింటు చెప్పే నేను, ఇంట్లో ఒక్కొక్క పాయింటు చొప్పున ఓడిపోతూ వచ్చాను. కారు ఎంత మొండికేస్తే నాయన చేతి విభూతి అంత మందంగా పడేది, విభూతి ఎంత మందంగా పడితే కారు అంత మొండికేసేది. ఈ సున్నా చుట్టూ ఏడాది తిరిగాము.

ఇంత పట్టుదల ఎందుకని మీరు అడగవచ్చు. మా అత్త కోసం. నగరిలో ఉండేది, నాయనకు అక్క, తల్లి పోయిన ఇంట్లో తమ్ముణ్ణి సాకిన మనిషి. నాయనకు పుట్టువెంట్రుకలు తీయించడానికి ఆ చిన్న వయసులోనే ఆయనను చంకనేసుకుని మెట్లన్నీ ఎక్కిందట. ఇప్పుడు ఆమెకు మోకాళ్ళు పోయాయి, బస్సులో మలుపులు తిరిగితే పడదు, తలనీలాల మొక్కు ఒకటి ఏళ్ళ తరబడి మిగిలిపోయింది. కారు కొన్న రోజే నాయన నగరికి పోయి, నన్ను చంకలో ఎక్కించినావు, నిన్ను నా కారులో ఎక్కిస్తానని మాట ఇచ్చి వచ్చాడు. ఎవరైనా బాడిగ కారు మాట ఎత్తితే అత్త ఒప్పుకునేది కాదు. "బాడిగ కార్లో ఎక్కేదానికి నాకు తమ్ముడెందుకు? డైవరు సాలు," అనేది. ఏడాది గడిచేసరికి నాయనకు కూడా విసుగు తల దాటింది. పాత ఇనుము కొనేవాడు రెండుసార్లు వచ్చి బండి చుట్టూ తిరిగి పోయాడు. కార్తీక మాసం వెళ్ళేలోపల అక్కను కొండ ఎక్కించలేకపోతే దీన్ని వాడికి ఇచ్చేసి, అక్క కాళ్ళు పట్టుకుని నా మాట వెనక్కు తీసుకుంటానని నాయన మా అందరి ముందూ అన్నాడు. ఇచ్చిన మాట వెనక్కు తీసుకోవడం ఆయన మండీ జీవితంలో ఎరగడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు ఎలా ఉందో నాకు ఇప్పటికీ వినబడుతుంది.

కార్తీకం మొదట్లో అత్త మూటతో చిత్తూరు దిగింది. కొత్త కాయిలు, కొత్త పాయింట్లు, చలువ ప్లగ్గులు, తాజా విభూతి, అన్నిటితో బయలుదేరాము. చంద్రగిరి దాటేసరికి వాన తుంపర. కొండ మీద కారుమబ్బులు. మా కారు నలుపంతా వాటిలోకి పోయి కలిసినట్లు ఉంది. నాలుగో మలుపు దగ్గర ఇంజను దగ్గింది, కుంటింది, ఆగింది. నేను దాన్ని రోడ్డు పక్కకు తిప్పి నిలబెట్టాను. వెనక సీట్లో అత్త కాసేపు గోవిందనామం చెప్పుకుని, నిదానంగా మొదలుపెట్టింది.

"రేయ్ తమ్ముడా, ఒక మాట సెప్తా, కోపం సేసుకోవాకు. ఈ కొండ ఎవరిది?"

"ఎంకటేశ్వరసామిది," అన్నాడు నాయన ముందు సీట్లోంచి, ఎక్కడికి పోతోందో తెలిసి.

"మరి ఆయన కొండకు నువ్వు ఇబూది పూసిన కారును తోలుకోని వస్తివే. నామం పెట్టుకున్న సామి దీన్ని ఎట్ల ఎక్కనిస్తాడురా?"

"అక్కా, నువ్వు ఊరుకో. ఇద్దరు సాములకూ లేని పట్టింపు నీకు వచ్చెనే!"

"నాకేం పట్టింపురా, పట్టుకోనుండేది నీ కారు గదా!"

"ఇబూదితోనే ఎక్కిస్తా. ఎక్కకపోతే అప్పుడు సూడు," అన్నాడు నాయన, చెవులు ఎర్రబడి.

అక్కాతమ్ముళ్ళ మధ్య హరిహరులు నలుగుతుంటే వినలేక, నేను దిగి బానెట్టు ఎత్తి, అదే నాకు ఆశ్రమమైనట్లు తల లోపలికి దూర్చాను. ఏదో ఒకటి చేస్తున్నట్లు కనబడాలని, స్టీరింగు వైపు చెయ్యి చాచి ఇంజనును స్టార్టు చేయమని నాయనకు సైగ చేశాను. మబ్బు పట్టి బానెట్టు కింద చీకటిగా ఉంది. ఇంజను కుంటుతూ తిరిగింది. అప్పుడు చూశాను. రెండో ప్లగ్గు మెడ మీద, తడిసి బూడిద రంగుకు తిరిగిన విభూతి రేఖల మీదుగా, సన్నని నీలి వెలుగు చిటచిటమంటూ కిందికి పాకుతోంది. మూడో దాని మీదా అంతే. లోపల దూకవలసిన రవ్వ, బయట నాయన వేసిన రాజమార్గంలో దర్జాగా నడిచి ఇంజను ఇనుములోకి దిగిపోతోంది.

పొడి బూడిదలో కరెంటు పారదు, కొండ మీది మంచుకో తుంపరకో తడిసిన బూడిదలో పారుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజనులో ఒత్తిడి పెరిగి రవ్వకు లోపల దూకడం కష్టమవుతుంది గనుక అది సులువైన దారి వెతుక్కుంటుంది. ఈ రెండు ముక్కలూ ఇంటర్మీడియెట్ పిల్లలకు నేను చెప్పే పాఠంలోనివే. ఏ పిల్లవాడైనా పరీక్షలో రాయకపోతే మార్కులు కోసి ఉండేవాణ్ణి. అక్కడ ఆ తుంపరలో నిలబడి నాకు నేను సున్నా వేసుకున్నాను.

అయితే చెప్పడమెలా? ఆ క్షణంలో నోరు తెరిచి, నాయనా, ఇదంతా విభూతి వల్లే అంటే, వెనక సీట్లో అత్త గెలిచేది. ఆమె చెప్పిన కారణం తప్పు, చెప్పిన ముద్దాయి మాత్రం సరైన ముద్దాయి. నేను వోల్టుల గురించి ఎంత వివరించినా నాయన చెవికి అది నామం గెలిచి విభూతి ఓడినట్లే వినబడుతుంది. పైగా ప్లగ్గుల్లోనే ప్రాణముందని చెప్పి ఆయన చేతిని అక్కడికి నడిపించింది నేను. బానెట్టు దించి, ఏమీ తెలియలేదని చెప్పి, కారును వెనక్కు దొర్లించాను.

కార్తీకంలో ఆఖరి సోమవారం మిగిలింది. ఆ పొద్దున నాయన స్నానం చేసి, ఎన్నడూ లేనంత చిక్కగా, నాలుగు ప్లగ్గుల మీదా రేఖలు దిద్దాడు. నేను వరండాలో నిలబడి చూస్తూనే ఉన్నాను. ఆయన పెదవులు కదులుతున్నాయి. పంతంతో పెడుతున్నాడనుకున్నాను, దగ్గరికి పోయి వింటే అక్క పేరు, అక్క మోకాళ్ళ పేరు చెప్పుకుంటున్నాడు. నా చొక్కా కింద పెట్రోలులో తడిపి పిండిన గుడ్డ ఉంది. అది నిప్పులా ఉంది.

అలిపిరి దగ్గర టెంకాయ కొట్టడానికి అత్త నాయన భుజం పట్టుకుని దిగింది. ఇద్దరూ అడుగులో అడుగు వేసుకుంటూ పాదాల మండపం వైపు పోయారు. నేను బానెట్టు ఎత్తాను. మొదటి ప్లగ్గు మీద గుడ్డ పెట్టాను. పింగాణీ తుడుస్తున్నట్లు లేదు, నాయన నుదురు తుడుస్తున్నట్లుంది. నాలుగూ తుడిచి, పొడి తుండుగుడ్డతో ఇంకొకసారి అద్ది, పెట్రోలు గుడ్డను డిక్కీలో టైరు వెనక్కు తోసేసి, తీర్థయాత్రికుడిలా ముఖం పెట్టుకుని నిలబడ్డాను. నాయన తిరిగి వచ్చి టెంకాయ చిప్ప నా చేతికి ఇస్తూ నా వేళ్ళ వైపు ఒక్క క్షణం చూశాడు. గోళ్ళ సందుల్లో తెల్లగా ఉంది. ప్యాంటుకు రుద్దుకున్నాను. ఆయన వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాడు.

ఎక్కడం మొదలుపెట్టాము. మొదటి మలుపు. రెండోది. ఎదురుగా మంచు, అద్దం మీద తుంపర. వైపరు అటూ ఇటూ ఊగుతూ వద్దు వద్దంటున్నట్లుంది. నాలుగో మలుపు దగ్గర నాయన ముందరి రేకును రెండు చేతులతో పట్టుకున్నాడు, అత్త గోవిందనామం మధ్యలో ఆపేసింది, నేను ఊపిరి ఆపేశాను. కారు మాత్రం ఆగలేదు. నాలుగు కాళ్ళ మీద, ఒక్క దగ్గు లేకుండా, కుట్టుమిషనులా గుర్రుమంటూ మలుపు తిరిగి ఎక్కింది. ఆ మలుపు దాటాక కూడా చాలా దూరం ఎవరమూ మాట్లాడలేదు, మాట్లాడితే అది వింటుందేమోనని.

పైన దిగాక అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుని, కారు తలుపు పట్టుకుని కాసేపు నిలబడింది. "సూసినావా అక్కా," అన్నాడు నాయన. "సూసినాలే. గోవిందుడు పోనీలే పాపమని నీ కారుకు దావ ఇడిసినాడు," అంది అత్త. నాయన నవ్వాడు. ఆమెను కల్యాణకట్ట దాకా నడిపించుకుంటూ, ఆమె అడుగుకు ఒక అడుగు చొప్పున, ఎంత నెమ్మదిగా పోయాడో! గెలిచినవాళ్ళు ఇద్దరు, ఓడినవాణ్ణి నేనొక్కణ్ణి, అయినా అంత హాయిగా నేను ఎప్పుడూ ఓడలేదు. పాత ఇనుము కొనేవాడు మూడోసారి వస్తే నాయన మజ్జిగ ఇచ్చి పంపాడు.

తరువాత ప్రయాణాలన్నిటికీ అలిపిరిలో నేను ఏదో ఒక సాకుతో బానెట్టు ఎత్తి తుడిచేవాణ్ణి, సోమవారం నాయన పెట్టేవాడు. ఇలా ఇంకొక ఏడాది గడిచింది. మళ్ళీ వానాకాలంలో ఒక సోమవారం, తిరుపతికి పోవలసి వచ్చి, ఇంటి ముందే తుడిచేద్దామని బానెట్టు ఎత్తి చూస్తే నాలుగు పింగాణీ మెడలూ పొడిగా, తెల్లగా మెరుస్తున్నాయి. విభూతి లేదు. వంగి చూశాను. ఉంది. పింగాణీకి కింద, స్పానరు పట్టే ఆరు పలకల ఇనుప కట్టు మీద, కరెంటు దారి తప్పే భయం లేని చోట, మూడు చిన్న రేఖలు, నాలుగింటికీ, పొందికగా దిద్ది ఉన్నాయి.

తల ఎత్తి చూశాను. నాయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. పేపరు దించలేదు.

"ఆ గుడ్డ మురికైపోయింటే ఉతికి పెట్టినాలేరా. డిక్కీలోనే ఉండాది," అన్నాడు.

అంతే. ఎప్పటి నుంచి తెలుసని నేను అడగలేదు, ఎందుకు చెప్పలేదని ఆయన అడగలేదు. తరువాత ఎన్నో ఏళ్ళు కలిసి ఆ కారులో తిరిగాము, ప్లగ్గుల గురించి గంటలు గంటలు వాదించుకున్నాము, ఆ ఒక్క మాట మాత్రం మా ఇద్దరి మధ్యా రాలేదు. అత్త ఉన్నంతకాలం ఆమెతో కూడా ఆయన ఏమీ అనలేదు. ఆమె దావ ఇడిచిన గోవిందుణ్ణి అలాగే ఉండనిచ్చాడు.

ఇప్పుడు గిరింపేటలో మేస్త్రి కొట్టం లేదు. ప్లగ్గును ఎండకెత్తి దాని మనసు చదివేవాళ్ళు లేరు. కొత్త కార్లు కొండను చప్పుడు లేకుండా ఎక్కుతాయట, ఎక్కనీ, మంచిదే, ఏ తమ్ముడూ ఏ అక్కకూ మాట తప్పవలసిన పని లేదు. ఏదైనా తేడా వస్తే సెల్‌ఫోనుకు కబురు వస్తుందట, తప్పు ఎక్కడుందో, ఎవరి వల్ల వచ్చిందో, అందరికీ కనబడేలా. మా కాలంలో ఏడాది పట్టేది తెలియడానికి. తెలిసిన తరువాత చెప్పకుండా ఉండటానికి ఇంకొక ఏడాది దొరికేది.

మొన్న ఆ పిల్ల వేలి మీద కుంకుమ ఆరిపోతుండగా, "మరి ఎక్కడ పెట్టమంటారు తాతా?" అంది. దగ్గరికి పోయి, ప్లగ్గును తిరగేసి, చేత్తో పట్టుకునే పిడి మీద చోటు చూపించాను. బొట్టు పెట్టింది. ఆ వెంటనే బానెట్టు ఎత్తి చూపించమని అడిగాను, ఊరికే, అలవాటు కొద్దీ. లోపల ఒక నల్ల ప్లాస్టిక్కు మూత, నున్నగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా. మూడు వేళ్ళు ఆనించడానికి చోటు కోసం కాసేపు వెతికి, బానెట్టు దించేశాను.